ఆలన్ ట్యూరింగ్: ఒక యంత్రపు మాట మరొక యంత్రమునకు

ఉప్పాడ నుండి మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో మగ్గము గల ఇండ్ల పిల్లలు కొందరున్నారు. జాందానీ చీర నేయుట దగ్గర కూర్చుండి చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుంటుంది. గళ్ళ కాగితము మీద గీసిన పువ్వు ఒకటే అయినా, దానిని మగ్గము మీదికి దింపేటప్పుడు పడుగు పోగుల లెక్కకు మార్చుకోవలసి యుంటుంది. ఎన్నవ పోగు ఎత్తవలెను, రంగు పోగు ఎక్కడ దూర్చవలెను, ఎక్కడ వెనుకకు త్రిప్పవలెను అన్న ఆ లెక్క ఆ మగ్గమునకే చెల్లుతుంది. పోగుల సంఖ్య వేరైన మరొక మగ్గము మీద అదే లెక్కను నడిపిస్తే పువ్వు సాగిపోతుంది, లేదా ముడుచుకొనిపోతుంది. పువ్వు ఇద్దరు నేతగాండ్ర సొత్తు. లెక్క మాత్రము ఎవరిది వారే తిరిగి కట్టుకోవలెను.

కంప్యూటరు లోకములో ఇటువంటి పనినే పోర్టింగ్ అంటారు. ఒక యంత్రము కొరకు, ఆ యంత్రపు అవయవముల పేర్లతోనే వ్రాసిన ఆదేశముల వరుసను అసెంబ్లీ కోడు అంటారు. దానిని మరొక యంత్రము మీద నడిపించవలెనంటే ప్రతి పంక్తిని విప్పి మళ్ళీ కట్టవలెను. అన్ని యంత్రములూ మూలమున ఒక్కటే, ఒకటి చేయగల గణనను మరొకటి చేయగలదు అన్న సిద్ధాంతమును 1936లో నిరూపించినవాడు ఒకడున్నాడు. తరువాతి కాలములో తన చేతితో కోడు వ్రాసినప్పుడు, తన ముందున్న యంత్రమునకు తప్ప మరి దేనికీ పనికిరాని విధముగా వ్రాసినవాడు కూడ అతడే. ఆయన ఆలన్ మాథిసన్ ట్యూరింగ్.

మేము తెలుగు పాఠము చెప్పేవారము. గణితములో మాకు గల ప్రవేశము కొద్దిపాటిది. అయినను ఈ జీవితమును వ్రాయబూనుటకు మాకు రెండు కారణములు కనిపించినవి. మొదటిది, ఒక భాషలోని దానిని మరొక భాషలోనికి తెచ్చేటప్పుడు ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్న ఉర్దూ, తెలుగులు రెండూ చదివే మన కళాశాలలో నిత్యము ఎదురయ్యేదే. రెండవది, ఆ మహనీయుని తల్లిదండ్రుల కథ మన తెలుగు జిల్లాలలో నడిచినది. ఈ సంగతి మన విద్యార్థులలో ఎక్కువ మందికి తెలియదు.

తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షలో నెగ్గి 1896 డిసెంబరులో మద్రాసు రాజధానిలో ఉద్యోగమునకు చేరాడు. బళ్ళారి, కర్నూలు, విజయనగరము ప్రాంతములలో పది సంవత్సరములు తిరిగి సేద్యము, నీటిపారుదల, పారిశుద్ధ్యము, టీకాలు మొదలైన విషయముల మీద నివేదికలు వ్రాశాడు. తమిళము చదువుకొని వచ్చినవాడు, ఇక్కడికి వచ్చిన తరువాత తెలుగు కూడ నేర్చుకొన్నాడు. తల్లి ఈథెల్ సారా స్టోనీ పోదనూరులో జన్మించినది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలలో చీఫ్ ఇంజనీరు. తుంగభద్ర మీది రైలు వంతెన వంటి పెద్ద వంతెనలు ఆయన చేతి మీదుగా వెలసినవి. చప్పుడు చేయని పంకా చక్రమును కనిపెట్టి పేటెంటు పొందినవాడు కూడ ఆయనే. యంత్రముల మీది ప్రేమ మనుమనికి ఏ వైపు నుండి వచ్చినదో ఊహించుట కష్టము కాదు.

జూలియస్, ఈథెల్ ల వివాహము 1907 అక్టోబరు 1న డబ్లిన్ నగరములో జరిగినది. మరుసటి సంవత్సరము కూనూరులో పెద్ద కుమారుడు జాన్ పుట్టాడు. ఆ తరువాత ఉద్యోగపు బదిలీల వెంట ఆ కుటుంబము పార్వతీపురము, విశాఖపట్నము, అనంతపురము, బెజవాడ, కర్నూలు చూచినది. 1911లో గంజాము జిల్లా ఛత్రపురము చేరినది. బెజవాడ నుండి ఛత్రపురమునకు రైలులో పోయే వారెవరైనా రాజమహేంద్రవరము వద్ద గోదావరి దాటి, సామర్లకోట, పిఠాపురము మీదుగానే పోవలెను. పిఠాపురములో దిగి సముద్రము వైపు సాగితే ఉప్పాడ. ఆ దంపతులు అక్కడ దిగినారని మేము అనము. అయితే మన ఊళ్ళ పేర్లు ఆ ఇంటిలో వినిపించినవే అని అనుటకు సందేహము లేదు.

ఆలన్ తల్లి కడుపున పడినది ఛత్రపురములో. జననము మాత్రము 1912 జూన్ 23న లండనులో. తండ్రి తిరిగి ఉద్యోగమునకు వచ్చాడు, కొంత కాలమునకు తల్లి కూడ వచ్చినది. పిల్లలను ఈ దేశపు ఎండలకు తీసుకొని రారాదని తలచి, ఇంగ్లండులో సముద్రతీరమున సెయింట్ లెనార్డ్స్ అనే ఊరిలో ఒక విశ్రాంత సైనికాధికారి దంపతుల ఇంట విడిచిపెట్టారు. ఆనాటి దొరల కుటుంబములలో అది వాడుకే. తండ్రి తెలుగు రైతుల అర్జీలు చదువుతూ ఉండగా కుమారుడు పరాయి ఇంట అక్షరములు దిద్దుకొన్నాడు. ఈ దేశమును ఆలన్ ట్యూరింగ్ ఎన్నడూ చూడలేదు.

1926లో షెర్బోర్న్ పాఠశాలలో చేరవలసిన దినముననే దేశమంతటా సార్వత్రిక సమ్మె జరిగి రైళ్ళు నిలిచిపోయినవి. పదమూడేండ్ల బాలుడు సౌతాంప్టన్ రేవు నుండి సుమారు 60 మైళ్ళు సైకిలు త్రొక్కి, దారిలో ఒక రాత్రి బస చేసి, పాఠశాల చేరుకొన్నాడు. ఆ పాఠశాల అతనికి అంతగా నచ్చలేదు. పాఠశాలకు కూడ అతడు నచ్చలేదు. చేతివ్రాత చెడ్డది, లాటిను మీద శ్రద్ధ లేదు, మరొకరు చూపిన మార్గమున లెక్క చేయడు. అక్కడ అతనికి దొరికిన ఒక్క గొప్ప స్నేహితుడు క్రిస్టఫర్ మోర్కమ్. ఇద్దరూ కలిసి నక్షత్రములను చూచేవారు, లెక్కలు చర్చించేవారు. 1930 ఫిబ్రవరిలో క్షయ వలన మోర్కమ్ అకస్మాత్తుగా మరణించాడు. ఆ దుఃఖములో, మనిషి మనస్సు అతని దేహము అనే యంత్రమును విడిచి నిలువగలదా అన్న ప్రశ్న ట్యూరింగును పట్టుకొన్నది. తరువాత జీవితమంతా ఆయన వేసిన ప్రశ్నలకు ఇది దూరపు చుట్టము కాదు.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరాడు. 1935లో, ఇరువది రెండేండ్ల వయస్సులో, అక్కడనే ఫెలోగా ఎన్నికైనాడు. ఆ రోజులలో గణితజ్ఞుల ముందు ఒక పెద్ద ప్రశ్న నిలిచి ఉన్నది. ఏ గణిత వాక్యమునైనా తీసుకొని, అది నిరూపించదగినదా కాదా అని తప్పక తేల్చి చెప్పగల ఒక యాంత్రిక పద్ధతి ఉన్నదా అన్నది జర్మనీ దేశపు హిల్బర్ట్ వేసిన ప్రశ్న. ట్యూరింగ్ ముందుగా, యాంత్రిక పద్ధతి అంటే ఏమిటి అని అడిగాడు. కాగితము ముందు కూర్చుండి లెక్క చేసే మనిషిని ఊహించి, అతని నుండి అనవసరమైనవన్నీ తొలగించాడు. చివరకు మిగిలినవి గళ్ళుగా విభజింపబడిన ఒక పొడుగాటి పట్టీ, ఒక్కొక్క గడిని చదివి, తుడిచి, వ్రాయగల ఒక కన్ను, తరువాత ఏమి చేయవలెనో చెప్పే చిన్న పట్టిక. ఇంతే ఆ యంత్రము.

అందులో అసలు అద్భుతము మరొకటున్నది. ప్రతి యంత్రపు పట్టికను అంకెలుగా మార్చి పట్టీ మీదనే వ్రాయవచ్చును. ఆ వర్ణనను చదివి, ఆ యంత్రము ఏమి చేసి యుండేదో అదే చేసి చూపే ఒక సార్వత్రిక యంత్రమును ట్యూరింగ్ నిర్మించి చూపాడు, కాగితము మీద. లెక్కకొక యంత్రము అక్కరలేదు. ఒక్క యంత్రము చాలును, దానికి మరొక యంత్రమును చదువ నేర్పవలెను. నేడు ఒక కంప్యూటరు మీద మరొక కంప్యూటరు కోడును నడిపే అనుకరణ కార్యక్రమములన్నిటికీ ఇదే తల్లివేరు. అదే వ్యాసములో హిల్బర్ట్ ప్రశ్నకు జవాబు లేదని కూడ తేల్చాడు. అమెరికాలో అలాంజో చర్చ్ అదే ఫలితమును వేరొక మార్గమున, కొద్దిగా ముందుగా, సాధించి ఉన్నాడు. 1936లో ట్యూరింగ్ ఆయన వద్దకే ప్రిన్స్టన్ వెళ్ళి 1938లో డాక్టరేటు తీసుకొని వచ్చాడు.

ఈ నిరూపణ వెంట వచ్చే ఒక పర్యవసానమును చెప్పక తప్పదు. రెండు కోడులను ఎదుట పెట్టి, ఇవి రెండూ ప్రతి సందర్భములోను ఒకే విధముగా ప్రవర్తిస్తాయా అని అడిగితే, అన్ని కోడుల విషయములోను సరియైన జవాబు ఇవ్వగల పద్ధతి ఏదీ ఉండదు. ఒక యంత్రము నుండి మరొక యంత్రమునకు కోడును మార్చినవాడు తన మార్పు సరియైనదా అని తెలుసుకొనుటకు ఏ మంత్రదండమునూ ఆశించరాదు. ఆ కోడు కొరకే ప్రత్యేకముగా నిరూపణ కట్టవలెను, లేదా పరీక్షలు పెట్టి, పంక్తి పంక్తి చదివి, కన్నులు నొప్పించుకోవలెను. మన పిఠాపురము కవి ఉమర్ అలీషా గారు ఉమర్ ఖయ్యాము రుబాయీలను పారసీకము నుండి తెలుగు పద్యములలోనికి తెచ్చారు. అక్కడ ఒక పదము ఛాయ మారినా రసము నిలువవచ్చును. యంత్రము అంతటి సహృదయురాలు కాదు. ఒక్క అంకె తప్పితే పని మొత్తము ఆగిపోతుంది, లేదా ఆగకుండా తప్పుగా సాగిపోతుంది. రెండవదే ఎక్కువ ప్రమాదము.

యుద్ధకాలపు కథ ఇప్పుడు లోకమంతటికీ తెలుసును గనుక మేము దానిని త్వరగా దాటుతాము. 1939 సెప్టెంబరు 4న ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులో చేరాడు. జర్మనుల ఎనిగ్మా సంకేత యంత్రమును ఛేదించుటకు, పోలండు గణితజ్ఞులు ముందే వేసిన బాట మీద, బాంబ్ అనే యంత్రమును రూపొందించాడు. గోర్డన్ వెల్ష్‌మన్ దానికి మెరుగు పెట్టాడు. సాధారణముగా ఒక్కొక్క బాంబ్ 36 ఎనిగ్మాల ప్రవర్తనను ఒకేసారి అనుకరించేది. ఇక్కడ కూడ ఒక యంత్రము మరొక యంత్రపు వేషము వేయుటయే. నౌకాదళపు సంకేతములను విప్పే శాఖకు ఆయన నాయకత్వము వహించాడు. ఈ పని అంతయు 1970ల వరకు రహస్యముగా ఉంచబడినది.

ఆ రోజుల నాటి ఒక చిన్న సంగతి మాత్రము విడువ లేము. ట్యూరింగ్ సైకిలు గొలుసు కొన్ని చుట్లు తిరిగిన తరువాత ఊడిపోయేది. మరొకడైతే బాగుచేయించుకొంటాడు. ఈయన చుట్లు లెక్కపెట్టి, ఎన్నవ చుట్టున ఊడుతుందో కనిపెట్టి, సరిగ్గా దానికి ముందు ఒక యుక్తి చేసి గొలుసు జారకుండా చూచుకొంటూ త్రొక్కేవాడు. ఆయనకు ఆ సైకిలు చక్కగా పనిచేసినది. మరెవ్వరైనా ఎక్కి యుంటే పది గజములలో దిగి యుండేవారు. ఆయన తరువాత వ్రాసిన కోడు కూడ ఇటువంటిదే అని మా అభిప్రాయము.

యుద్ధము ముగిసిన తరువాత, 1945లో, నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో చేరి ఏ.సి.ఈ. అనే ఎలక్ట్రానిక్ కంప్యూటరుకు పూర్తి నమూనా వ్రాశాడు. దానికి 11,200 పౌనులు ఖర్చు కాగలదని అంచనా వేశాడు. యంత్రములో పరికరములు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది, మిగిలినదంతా ఆదేశముల వరుసతో సాధించవచ్చును అన్నది ఆయన పట్టుదల. ఒక పని మధ్యలో మరొక ఉపకార్యమునకు పోయి, అది ముగించి తిరిగి వచ్చుటకు, ఎక్కడికి తిరిగి రావలెనో ఆ చోటును దాచిపెట్టే ఏర్పాటు కావలెను. ట్యూరింగ్ దానికి పాతిపెట్టుట, త్రవ్వి తీయుట అనే అర్థము గల పేర్లు పెట్టాడు. నేటి విద్యార్థులు స్టాక్ అని చదివే పద్ధతికి అది తొలి రూపములలో ఒకటి.

ఆ యంత్రపు జ్ఞాపకశక్తి పాదరసము నింపిన గొట్టములలో ఉన్నది. అంకెలను ధ్వని తరంగములుగా ఒక చివర నుండి పంపితే రెండవ చివర వెలువడేవి; వాటిని పట్టి మళ్ళీ మొదటికి పంపేవారు. ఆ నమూనాను అనుసరించి కట్టిన చిన్న యంత్రము పైలట్ ఏ.సి.ఈ. లో ఒక్కొక్క పెద్ద గొట్టము 32 పదములను దాచేది. ఒక్కొక్క పదమునకు 32 అంకెలు. ఒక చుట్టు తిరుగుటకు 1,024 మైక్రోసెకండ్లు పట్టేది. కావలసిన ఆదేశము అప్పుడే గొట్టము నోటి నుండి దాటిపోయి యుంటే, మళ్ళీ వచ్చే వరకు యంత్రము ఊరక నిలువవలెను. అందువలన నేర్పరియైనవాడు ప్రతి ఆదేశమును, అది అవసరమయ్యే క్షణమునకే గొట్టము నోటికి వచ్చే విధముగా లెక్కకట్టి అమర్చేవాడు. ఇందులో యంత్రము చాల వేగముగా నడుస్తుంది, నిజమే. కాని ఆ కోడులో లెక్క ఎంత, పాదరసము నడక ఎంత అని విడదీయుట ఎవరి తరము? కొన్ని పోగులు తెగినా పువ్వు కనిపిస్తుంది. ఈ అల్లికలో పువ్వు, మగ్గము ఒకటైపోయినవి.

ఆ నిర్మాణము జాప్యమగుటతో విసిగి ట్యూరింగ్ 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు వెళ్ళాడు. పైలట్ ఏ.సి.ఈ. 1950 మే 10న మొదటి కార్యక్రమమును నడిపినప్పుడు ఆయన అక్కడ లేడు. మాంచెస్టరులో విలియమ్స్, కిల్బర్న్ అప్పటికే వేరొక యంత్రమును కట్టి, 1948 జూన్ 21న నడిపించి ఉన్నారు. దానికి పాదరసము లేదు. చిత్రగొట్టపు తెర మీద వెలిగే చుక్కలే దాని జ్ఞాపకములు, ఏ పంక్తినైనా వెంటనే అందుకొనవచ్చును. పాదరసము నడకకు తగినట్లు కూర్చిన నేర్పు అంతయు అక్కడ నిరర్థకము. సార్వత్రిక యంత్రమును ఊహించినవాడే కొత్త యంత్రము ముందు మళ్ళీ ఓనమాలు దిద్దవలసి వచ్చినది.

ఆయన దిద్దిన విధము విచిత్రమైనది. ఆ యంత్రములో ఐదేసి అంకెలను కలిపి ఒక గుర్తుగా చూచేవారు. 32 గుర్తులు టెలిప్రింటరు అక్షరములే. సున్నకు వాలుగీత, ఒకటికి ఆంగ్లములోని ఇ అక్షరము, ఇట్లా. ఒక్కొక్క ఆదేశము నాలుగు గుర్తులు. వాటి వరుసలో ఏ క్రమమూ లేదు, కంఠస్థము చేయవలసినదే. పైగా అంకెలను చిన్న స్థానము నుండి పెద్ద స్థానమునకు, అనగా మన అలవాటునకు వెనుక నుండి ముందునకు, వ్రాసేవారు. 32 అన్న సంఖ్య వ్రాయవలెనంటే ముందు వాలుగీత, తరువాత ఇ. ఆ యంత్రము వాడేవారి కొరకు 1951లో ట్యూరింగ్ వ్రాసిన కరదీపిక ఈ భాషలోనే నడుస్తుంది. ఎవరికైనా ఇది కష్టమని ఆయనకు తోచినట్లు లేదు. 1949 జూన్ నెలలో కేంబ్రిడ్జిలో ఒక సభలో ఉపన్యసిస్తూ నల్లబల్ల మీద సాధారణ దశాంశ సంఖ్యలను కూడ త్రిప్పి వ్రాసి కూడికలు చేశాడు. సభికులు చాల సేపు ఏమీ తెలియక చూస్తూ ఉండిపోయారట.

మన సంచిక చదువరులకు ఈ చిక్కు కొంత సులభముగా బోధపడవలెను. ఉర్దూ పంక్తి కుడి నుండి ఎడమకు నడుస్తుంది, తెలుగు పంక్తి ఎడమ నుండి కుడికి. అయినను ఉర్దూ పంక్తి మధ్యలో ఒక సంవత్సరము వస్తే, వేల స్థానము ఎడమనే ఉంటుంది. ప్రెస్సులో అక్షరములు కూర్చేవారిని అడిగితే ఆ ఒక్క చోట చేయి ఎట్లా తడబడుతుందో చెబుతారు. ఏది ముందు, ఏది వెనుక అన్నది సత్యము కాదు, ఒప్పందము. ఒప్పందము తెలియని చోటికి పోతే సత్యము కూడ తప్పుగా చదువబడుతుంది.

కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్, ఆయన శిష్యుడు డేవిడ్ వీలర్ వేరొక దారి పట్టారు. వారి ఎడ్సాక్ యంత్రము 1949 మే నెలలో నడిచినది. అందులో కూడికకు ఆంగ్ల ఏ అక్షరము, తీసివేతకు ఎస్ అక్షరము వ్రాస్తే చాలును. దానిని యంత్రపు అంకెలుగా మార్చే పని యంత్రమే చేసుకొనేది. ఆ మార్పిడి యంత్రము చేయదగినదే అని ట్యూరింగుకు తెలియక కాదు. 1947లో లండను గణిత సంఘములో చేసిన ప్రసంగములో, పని యాంత్రికమైనప్పుడెల్లా దానిని యంత్రమునకే అప్పగించవచ్చునని, అప్పుడు ఆదేశములు వ్రాసే నిపుణులు తమ ఉద్యోగము కాపాడుకొనుటకు పనిని గూఢమైన మాటలతో కప్పిపెట్టవచ్చునని కూడ హెచ్చరించాడు. అంత ముందు చూచినవాడు తన బల్ల మీద మాత్రము ఆ గూఢభాషనే వాడాడు. ఇది గర్వము కాదని మేము తలుస్తాము. తనకు సులభమైనది అందరికీ సులభమే అనుకొనే అమాయకత్వము కావచ్చును. ఉపాధ్యాయులలో ఈ లోపము ఉన్నవారిని మేమెరుగుదుము, మమ్ములను కలుపుకొనియే. మాంచెస్టరు యంత్రమునకు మనుష్యులు చదువదగిన ఆటోకోడ్ అనే భాషను టోనీ బ్రూకర్ 1954లో సిద్ధము చేశాడు.

ట్యూరింగ్ విడిచిన ఈ చిక్కు తరువాతి తరమునకు ఎట్లా సంక్రమించినదో చెప్పుటకు కొంచెము ముందునకు పోవలెను. 1969లో అమెరికాలోని బెల్ లేబరేటరీలలో కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థను పి.డి.పి.-7 యంత్రము కొరకు అసెంబ్లీలోనే వ్రాశాడు. ఆ యంత్రపు పదము 18 అంకెలది. తరువాత వచ్చిన పి.డి.పి.-11 పదము 16 అంకెలది. కనుక తిరిగి వ్రాయవలసి వచ్చినది. 1973లో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలోనికి దాని కేంద్రభాగము మార్చబడినది. 1977లో రిచీ, స్టీఫెన్ జాన్సన్ దానిని ఇంటర్‌డేటా 8/32 అనే వేరు జాతి యంత్రము మీదికి తెచ్చారు. ఆ కాలములోనే ఆస్ట్రేలియాలోని వొలంగాంగ్ విశ్వవిద్యాలయములో రిచర్డ్ మిల్లర్ 7/32 మీదికి తెచ్చాడు. 1978లో థాంప్సన్ చెప్పిన లెక్క ప్రకారము ఆ కేంద్రభాగములో సుమారు 10,000 పంక్తులు సి భాషలోను, సుమారు 1,000 పంక్తులు అసెంబ్లీలోను ఉన్నవి. ఆ వేయిలో 200 కేవలము వేగము కొరకు. మిగిలిన 800 సి భాషలో చెప్పుటకు వీలులేనివి. యంత్రము మారినప్పుడెల్లా ఆ 800 పంక్తుల వంటి వాటిని ఎవరో ఒకరు కూర్చుండి మళ్ళీ వ్రాయవలెను. వెనుక ముందుల తగవు కూడ అక్కడ మళ్ళీ తలయెత్తినది. ఒక యంత్రము చిన్న స్థానపు భాగమును ముందు దాస్తే, మరొకటి పెద్ద స్థానపు భాగమును ముందు దాస్తుంది. తేడా గమనించక మార్చితే యు-ఎన్-ఐ-ఎక్స్ అన్న నాలుగక్షరములు ఎన్-యు-ఎక్స్-ఐ గా వెలువడతాయి. ఆ రంగములోనివారు నేటికీ ఈ తప్పును ఆ వికృత నామముతోనే పిలుస్తారు.

యంత్రము ఒకటే అయినా పేచీ తీరదు. ఒకే ఇంటెల్ 386 జాతి ప్రాసెసరు మీద లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ అనే రెండు యూనిక్స్ వంశపు వ్యవస్థలు నడుస్తాయి. ఒక వాక్యము తెర మీద వ్రాయుమని వ్యవస్థను అడుగవలెనంటే మొదటిదానికి వివరములను రిజిస్టర్లలో పెట్టి ఇవ్వవలెను. రెండవదానికి స్టాక్ మీద పేర్చి ఇవ్వవలెను. పని చెడితే మొదటిది ఋణసంఖ్యను తిరిగి ఇస్తుంది. రెండవది క్యారీ అనే జెండాను ఎత్తి చూపుతుంది. వ్రాయుము అన్న కోరికకు 32 అంకెల లైనక్స్ లో సంఖ్య 4. అదే లైనక్స్ 64 అంకెల రూపములో 1. ఎవరి ఇంటి మర్యాద వారిది. ఏ ఇంటికి పోతే ఆ ఇంటి మర్యాద తెలిసికొని మాటలాడవలెను.

ఇక ట్యూరింగ్ చివరి సంవత్సరములు. 1950లో యంత్రము ఆలోచించగలదా అన్న ప్రశ్న మీద ఆయన వ్రాసిన వ్యాసము, 1951లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1952లో జీవరాశి మీద చారలు, మచ్చలు ఏర్పడే గణితమును గూర్చిన పరిశోధన, ఇవి ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఆ పరిశోధన కొరకు లెక్కలను మాంచెస్టరు యంత్రము మీద, ఆ వెనుక ముందుల భాషలోనే, చేసుకొనేవాడు.

1952 ఫిబ్రవరిలో పోలీసులు ఆయనను నిర్బంధించారు. తన ఇంటిలో జరిగిన దొంగతనమును గూర్చి ఆయనే ఫిర్యాదు చేయగా, విచారణలో ఒక యువకునితో ఆయనకు గల సంబంధము బయటపడినది. పురుషుల మధ్య అటువంటి సంబంధము ఆనాటి ఇంగ్లండు చట్టములో నేరము. ట్యూరింగ్ దాచలేదు, అబద్ధమాడలేదు. మార్చి 31న నట్స్‌ఫర్డ్ న్యాయస్థానము చెరసాలకు బదులుగా, ఒక సంవత్సరము పాటు దేహమును మార్చే హార్మోను మందులు తీసుకోవలెనన్న షరతు విధించినది. ప్రభుత్వ రహస్య విభాగముతో ఆయనకు సాగుతున్న సంబంధము కూడ తెగిపోయినది. ఈ విషయములో ఆచారముల గూర్చి, ధర్మముల గూర్చి మన చదువరులలో వేర్వేరు అభిప్రాయములు ఉండవచ్చును. కాని యుద్ధములో వేలమంది నావికుల ప్రాణములు నిలుపుటకు పాటుపడిన మనిషిని, ఆ సేవను నోరువిప్పి చెప్పుకొనే వీలు కూడ లేనివానిని, వైద్యము పేరిట ఆ విధముగా శిక్షించుట అన్యాయమనుటకు మాకు సంకోచము లేదు.

1954 జూన్ 7న విల్మ్‌స్లోలోని తన ఇంటిలో సయనైడు వలన ఆయన మరణించాడు. మరునాడు ఇంటి పని చేసే స్త్రీ చూచినది. మంచము ప్రక్కన కొరికిన యాపిల్ పండు ఉన్నది. దానిని ఎవరూ పరీక్షించలేదు. విచారణాధికారి ఆత్మహత్య అని తేల్చాడు. రసాయనములతో ప్రయోగములు చేస్తూ అజాగ్రత్త వలన జరిగినదని తల్లి చివరి వరకు నమ్మినది. అప్పటికి ఆయనకు నలుబది రెండేండ్లు నిండలేదు. పోదనూరులో పుట్టి, పార్వతీపురము, బెజవాడ చూచిన ఆ తల్లి తన కుమారుని జీవితమును తానే వ్రాసి 1959లో ప్రచురించినది. యుద్ధకాలములో అతడు చేసినదేమిటో ఆమెకు చెప్పే అధికారము అప్పటికి ఎవరికీ లేదు.

బ్రిటిషు ప్రధానమంత్రి గోర్డన్ బ్రౌన్ 2009లో ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పాడు. 2013 డిసెంబరులో రాణి క్షమాభిక్ష వెలువడినది. 2021 జూన్ 23న, ఆయన పుట్టినరోజున, ట్యూరింగ్ చిత్రముతో 50 పౌనుల నోటు చలామణిలోనికి వచ్చినది. దాని మీద 1936 నాటి వ్యాసములోని పట్టిక, పైలట్ ఏ.సి.ఈ. చిత్రము ఉన్నవి. ఒక కాగితపు పట్టీ మీద ఆయన పుట్టిన తేదీ, 23061912 అన్న సంఖ్య, ఒకట్లు సున్నలుగా మార్చి అచ్చువేయబడినది. మొత్తము 25 అంకెలు. మనకు అలవాటైన పద్ధతిలో అది ఒకటితో మొదలవుతుంది. మాంచెస్టరు పద్ధతిలో వ్రాస్తే మూడు సున్నలతో మొదలవుతుంది.